పదిహేడో మెట్టు

మనిషి చెయ్యి కదలబోయే ముందు లోపల ఏది కదులుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని డాక్టర్ హైమవతి పద్ధెనిమిదేళ్ళు వేలాడింది. పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళలేదు. కొన్నాళ్ళకు పిలిచేవాళ్ళూ విసిగి మానేశారు. విశాఖపట్నంలో కొండ మీద ఉన్న పరిశోధన సంస్థలో ఆమె గది కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం. అంత సముద్రాన్నీ పరదా వేసి కప్పేసి, తెర మీద గీతలు చూస్తూ కూర్చునేది. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆమె వెతుకుతున్నది చివరికి ఎక్కడ దొరికిందయ్యా అంటే, సొంత అన్న బుర్రలో దొరికింది.

అన్న పేరు సన్యాసాచారి. బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఊళ్ళో వీణలు చేస్తాడు. పేరుకే సన్యాసి. వీణ దగ్గరికొస్తే ఆయనంత ఆశపోతు ఇంకొకడు లేడు. నచ్చిన పనసమాను కనబడితే దాని యజమాని ఇంటి అరుగు మీద మూడు రోజులైనా కూర్చునే రకం. అలాంటి మనిషి ఎలా పనిచేస్తాడో చూడాలని హైమవతి ఒక వేసవిలో తీగలు వేలాడే టోపీ ఒకటి, చిన్న తెర ఒకటి పట్టుకుని పనిశాలకు వచ్చింది. వెంట ఇంజనీరు డేవిడ్‌రాజు వచ్చాడు. ఆ యంత్రం తాలూకు లెక్కలన్నీ అతని చేతిలోనివే. నోరు మూసుకుని ఐదు నిమిషాలు ఉండలేని మనిషి.

"నా బుర్రలో ఏటుంటాదమ్మా, సెక్కపొట్టు తప్ప?" అన్నాడు సన్యాసాచారి, టోపీ పెట్టించుకుంటూ.

ఆ పూట ఆయన మెట్లు వేస్తున్నాడు. వీణకు ఇరవై నాలుగు మెట్లు. మైనంలో నల్లపొడి కలిపి, వీణ మెడలాంటి దండి మీద పొడవునా రెండు గట్లు కట్టి, ఆ గట్ల మీద ఒక్కొక్క మెట్టునూ నిలబెట్టాలి. కొలబద్ద ఉండదు. తీగ మీటి, విని, వెంట్రుకవాసి ఇటు జరిపి, మళ్ళీ మీటి, చెవి ఒప్పుకున్నాక మైనం అదమాలి. చెవి ఒప్పుకోకపోతే మైనం గీకేసి మొదటికి రావాలి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ "బాగుంది" అని చెప్పరు. గీకలేదంటే బాగున్నట్టు.

తెర మీద గీత చప్పగా సాగిపోతోంది. సన్యాసాచారి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఉన్నట్టుండి గీత మధ్యలో సన్నగా ఒకటి లేచింది. లేచి, వంగి, నిలబడింది. ఆ తర్వాత, అరసెకను కూడా కాలేదు, ఆయన చెయ్యి మెట్టు మీదికి వెళ్ళింది. మళ్ళీ అంతే. ముందు అది లేవడం, తర్వాత చెయ్యి కదలడం. పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా నూట ఎనభైసార్లు.

డేవిడ్‌రాజు అంతసేపూ మాట్లాడలేదు. చివరికి గొంతు తగ్గించి, "మేడం, ఆయన కదలకముందే ఆయన కోరిక కదిలింది. మనం దాన్ని చూశాం" అన్నాడు.

హైమవతి తెర మీదికి వంగింది. లోకంలో ఎవడు ఏ పని మొదలుపెట్టినా, పసిపిల్ల 'అ' దిద్దినా, ఎవరో కొండ తొలిచి గుడి కట్టినా, అన్నిటికీ ముందు ఇదిగో ఈ ఇంత లేచి ఉండాలి. అన్న బుర్రలో అది లేస్తుంటే తన కళ్ళారా చూస్తోంది. దండం పెట్టుకోవాలనిపించింది గానీ పక్కన డేవిడ్‌రాజు ఉన్నాడని మానుకుంది. దానికి మొలక అని పేరు పెట్టారు.

తర్వాత రెండేళ్ళలో సన్యాసాచారి మొలకలు నలభై గంటల మేర పోగయ్యాయి. అదే టోపీతో మొలకను తిరిగి లోపలికి పంపే దారి కూడా దొరికింది. చెవికి అందని సన్నటి ధ్వనితో, లేచిన చోటే మళ్ళీ లేపడం. పక్షవాతం లాంటి జబ్బుల తర్వాత కొందరికి కాళ్ళూ చేతులూ బాగానే ఉండి, ఏదీ చెయ్యాలని మాత్రం అనిపించదు. అలాంటివాళ్ళ కోసం చేశారు దాన్ని. మొదట్లో ఎలకల మీద, తర్వాత అనుమతులన్నీ తీసుకుని మనుషుల మీద పరీక్షలు జరిగాయి. అంతా బాగుంది. ఇంతలో ఆషాఢంలో ఒక పొద్దున వదిన పైడమ్మ నుంచి ఫోను వచ్చింది, మీ అన్నయ్య లేవట్లేదు అని.

మెదడులో సన్నటి రక్తనాళం ఒకటి పూడుకుపోయింది. ప్రాణానికి ప్రమాదం లేదు. చేతులు పనిచేస్తున్నాయి, మాట వస్తోంది, అందరినీ గుర్తుపడుతున్నాడు. పోయింది ఒక్కటే. పళ్ళెం ముందు పెట్టి తిను అంటే తింటాడు, అనకపోతే సాయంత్రం దాకా అలాగే కూర్చుంటాడు. బాధగా ఉందా అంటే "నేదు" అంటాడు. ఏమన్నా కావాలా అంటే అదే మాట. అబద్ధం కాదు, నిజంగానే ఏమీ అక్కర్లేదు ఆయనకి. పైడమ్మ రోజంతా ఆయన చుట్టూ తిరుగుతూ, ఆయన అడక్కుండానే అన్నీ అమర్చి పెట్టేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ పెట్టేది.

హైమవతి టోపీ తెచ్చింది. అన్న సొంత మొలకల్లోంచే రెండు గంటల మంచి భాగం డేవిడ్‌రాజు ఏరి సిద్ధం చేశాడు. టోపీ పెట్టిన మూడో నిమిషంలో సన్యాసాచారి వీపు నిటారుగా అయింది. చెయ్యి చాచి ఆకురాయి అందుకున్నాడు. "కోటీ, మైనం ఏదిరా?" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న శిష్యుడు కోటిలింగం మైనం తేవడం మాని అక్కడే కూలబడి ఏడ్చాడు. పైడమ్మ ఏడవలేదు. కొంగు నడుముకు దోపి, అందరికీ కాఫీలు పెట్టడానికి పరుగెత్తింది. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు నీలవేణి చేతిలోని సెల్‌ఫోను పక్కన పెట్టింది. ఆ పిల్ల విషయంలో అదీ గొప్పే. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, చదువుతోందంటే హాజరు పడేలా కాలేజీకి వెళ్ళి వస్తోంది.

ఆర్నెల్లు గడిచాయి. పన్నెండు మంది రోగులకు టోపీలు ఇచ్చారు. అందరూ పనుల్లో పడ్డారు. దేశదేశాల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. సంస్థ డైరెక్టరు హైమవతి కనబడితే లేచి నిలబడేదాకా వచ్చింది వ్యవహారం.

మాఘంలో ఒక పొద్దున ఆమె చెప్పకుండా ఊరికి వచ్చింది. పనిశాల గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికి చూసింది. అన్న టోపీ పెట్టుకుని పనిలో ఉన్నాడు. కోటిలింగం గోడ గడియారం వైపు చూసి, గురువు చేతి పక్కనే ఉన్న మైనం గిన్నెను మెల్లగా తీసి తలుపు వెనక పెట్టాడు. నిమిషం గడవకుండా సన్యాసాచారి, "కోటీ, మైనం ఏదిరా?" అన్నాడు. కోటిలింగం వెళ్ళి ఆ గిన్నె తెచ్చి ఇచ్చాడు.

హైమవతి అతన్ని పెరట్లోకి పిలిచి, ఎందుకలా చేశావని అడిగింది. అతను నేల చూపులు చూశాడు.

"రోజూ అదే టయానికి అడుగుతారమ్మా. ఎదరే ఉన్నా అడుగుతారు. గురువుగారు అడిగిన మాట తప్పవకూడదు కదా, అందుకని ముందే తీసి దాసేత్తన్నాను."

ఆర్నెల్లుగా రోజూ ఆ గిన్నె తలుపు వెనక్కి వెళ్తోంది. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో అందరూ ప్రేమకొద్దీ, మర్యాదకొద్దీ ఆ ఒక్క పూటనే మళ్ళీ మళ్ళీ నడుపుతున్నారు. గోడకు వరసగా ఆనించిన తొమ్మిది వీణలను మీటి చూసింది. తొమ్మిదీ ఒకే వీణ. ఎక్కడా వంక లేదు. అన్న చేసినవాటిలో మునుపు ఏ రెండూ ఒకలా పలికేవి కావు.

ఆ మధ్యాహ్నమే డేవిడ్‌రాజు ఫోను చేశాడు. రోగులందరి అంకెలూ మళ్ళీ తిరగేశాడట. టోపీ పంపే మొలకల కింద, గీతలో గరుకులా కనిపించే సన్నటివి కొన్ని ఉన్నాయి. అవి టోపీవి కావు, మనిషివే. జబ్బు చేసిన కొత్తలో సన్యాసాచారికి అవి రోజుకు ముప్పై దాకా ఉండేవి. చెయ్యి కదిలించేంత బలం లేదు వాటికి, కానీ ఉండేవి. ఇప్పుడు రోజుకు రెండు.

"మనం పైనుంచి పంపుతుంటే కింద ఉన్నది ఎండిపోతోంది మేడం. మిగతా పదకొండు మందిలోనూ ఇంతే" అన్నాడు.

హైమవతి వంటింట్లోకి వెళ్ళి, పీట మీద కూర్చుని, వదినకు ఉన్నదున్నట్టు చెప్పింది. టోపీ తీసేయాలి. తీసేస్తే ఆ రెండు ముప్పై అవుతాయని నమ్మకమేమీ లేదు. తీయకపోతే అవి కూడా పోవడం మాత్రం ఖాయం.

పైడమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే విన్నది. "టోపీ ఉంటే మడిసి. నేకపోతే బొమ్మ. నువ్వు నాకు బొమ్మనొగ్గీసి ఎల్తానంటన్నావు" అంది.

"వదినా, టోపీ పెట్టినప్పుడు ఉన్నది కూడా అన్నయ్య కాదు. అది రెండేళ్ళ కిందటి ఒక పొద్దుట పూట."

"ఆ పొద్దుట పూటైనా సాలమ్మా నాకు."

హైమవతి లేచి వెళ్ళి, అన్న తల మీంచి టోపీ తీసింది. ఆయన చేతిలో ఆకురాయి చేతిలోనే ఆగిపోయింది. ఎవరో వచ్చి తీసుకునేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పైడమ్మ ఆ రోజు ఆడపడుచుకు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు.

డైరెక్టరు మాత్రం బాగానే మాట్లాడాడు, ఫోనులో అరగంట. పనిచేసుకుంటున్న మనుషుల్ని మూల కూర్చోబెడతారా అన్నాడు, పదకొండు కుటుంబాలకు ఏం చెబుతారన్నాడు. నిజం చెబుతానంది హైమవతి. చెప్పింది కూడా, ఒక్కొక్కరికీ విడివిడిగా. ఏడుగురు టోపీలు తిరిగిచ్చారు. నలుగురు ఇచ్చేది లేదన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఆమెకు నోరు రాలేదు. తర్వాత నెల రోజులు సెలవు పెట్టి, వినడమే తప్ప పంపడం చేతకాని పాత టోపీ ఒకటి సంచిలో వేసుకుని అన్న ఇంటికి వచ్చేసింది.

పొద్దున్నే అన్నకు ఆ టోపీ పెట్టేది. ఎదురుగా తెర పెట్టుకుని కళ్ళు కాయలు కాసేలా చూసేది. మొదటి వారం గీత చప్పగానే సాగింది. రెండో వారం ఒక మధ్యాహ్నం చిన్న మొలక ఒకటి లేచి పడిపోయింది. ఆ సమయం పుస్తకంలో రాసుకుంది. రెండు రోజులకు ఇంకొకటి. ఆ మర్నాడు ఒకటి. ఆ సమయాలకు ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్కరినీ అడిగి రాసింది. మొదటిసారి, వంటింట్లో కుక్కరు కూత మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. రెండోసారి, పెరట్లో కోటిలింగం మెట్టు అరగదీస్తుంటే ఆకురాయి జారి లయ తప్పింది. మూడోసారి, నీలవేణి ఏదో పాట కూనిరాగం తీస్తూ చరణం మధ్యలో మాట మర్చిపోయి ఆపేసింది.

పుస్తకంలో ఆ మూడు ముక్కలనూ హైమవతి చాలాసేపు చూసింది. మూడింట్లోనూ ఉన్నది ఒక్కటే. ఏదో ఉండాల్సింది లేకపోవడం.

మొలకను లేపేది బలం కాదు, బహుమానం కాదు, భయం అంతకన్నా కాదు. వెలితి. ఎక్కడో ఇంత తక్కువైందని చెవికో కంటికో తెలియడమే. ఆకలి పుట్టకముందే ముద్దలు కలిపి నోట్లో కుక్కుతూ, ఇదే భోజనమని ఇన్నాళ్ళూ మురిసిపోయింది తను. తక్కువైన చోటల్లా మనిషి లేచి నిలబడ్డాడు కాబట్టే ఇల్లూ వాకిలీ, పాటా పద్యం, వైద్యం అన్నీ వచ్చాయి కదా. ఇంత పెద్ద లోకం అంత చిన్న లోటులోంచి లేచిందా? ఆ వసారాలో, మధ్యాహ్నపు ఎండలో, ఆమెకు భయం వేసింది, సంతోషమూ వేసింది.

డేవిడ్‌రాజుకు ఫోను చేసి చెప్పింది.

"మేడం, ఆ నలభై గంటల్లో ఆచారి గారు ముఖం చిట్లించిన చోట్లు, ఆపేసిన చోట్లు, మైనం గీకేసిన చోట్లు అన్నీ నేనే కత్తిరించేశాను. పని సాఫీగా సాగిన రెండు గంటలే ఉంచాను. మిగతాది చెత్తనుకుని చెరిపేశాను" అన్నాడు. తనే మళ్ళీ, "చెరిపేసిందే అసలు సరుకన్నమాట" అన్నాడు. రేపు పొద్దున బస్సుకు వస్తానని పెట్టేశాడు.

యంత్రం సంగతి సరే, ఇంటి సంగతేమిటి? హైమవతి అప్పుడు చూసింది ఇంటి వంక. కూర చల్లారకుండా పైడమ్మ కాపలా. చెప్పులు ఎప్పుడూ కుడి ఎడమలుగా సర్ది ఉంటాయి. అన్నిటికన్నా మించి పనిశాల ఆచారం ఒకటుంది. శ్రుతి కలవని వీణను గురువు ముందుకు తేకూడదు. శిష్యుడు తనకు చేతనైనంతా చేసి, తప్పు లేదని తేల్చుకున్నాకే తేవాలి. గురువు గీకేది ఆ తర్వాత. మంచి ఆచారమే. కానీ జబ్బు చేసినప్పటి నుంచి కోటిలింగం ఇంకా భక్తిగా, ఒకటికి పదిసార్లు సరిచూసి మరీ తెస్తున్నాడు. తొమ్మిది నెలలుగా ఆ మనిషి చెవిన ఒక్క అపస్వరం పడలేదు.

తప్పున్న వీణ ఒకటి ముందు పెట్టమని కోటిలింగాన్ని అడిగింది. అతను రెండు చేతులూ జోడించాడు. చచ్చిపోమంటే చచ్చిపోతాను గానీ గురువుగారి ముందు అపశ్రుతి పెట్టలేనన్నాడు. కావాలని చేసిన తప్పు ఆయన పట్టేస్తాడని, అది వెక్కిరింతలా ఉంటుందని కూడా అన్నాడు. ఆ రెండో మాట నిజమేననిపించింది హైమవతికి. తప్పు నిజమైన తప్పు కావాలి. చేతనైనంతా చేసినా మిగిలిపోయిన తప్పు.

ఆమె నీలవేణి వైపు తిరిగింది.

"నాకు రాదత్తా" అంది ఆ పిల్ల.

"రాదనే అడుగుతున్నానే."

ఆ ఇంట్లో ఆడపిల్లలు మెట్లు వేయలేదు ఇంతవరకూ. హైమవతి చిన్నప్పుడు మైనం ముట్టుకుంటే నాయనమ్మ చెయ్యి మీద ఒకటి వేసింది. నీలవేణి ఆసక్తి ఉండి ఒప్పుకోలేదు, తండ్రి ముఖం చూసి ఒప్పుకుంది. రెండు రోజులు కూర్చుంది. మైనం వేళ్ళకు అంటించుకుంది, జుట్టుకు అంటించుకుంది, కోపంతో ఒకసారి లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చింది. ఎవరూ సాయం చెయ్యలేదు. ఇరవై నాలుగు మెట్లూ నిలబడ్డాక, ఇంతకన్నా నా వల్ల కాదు అంది. పోల్చి చూద్దామని హైమవతి డేవిడ్‌రాజు తెచ్చిన రెండో టోపీ ఆ పిల్లకు పెట్టింది. ఇద్దరి గీతలూ ఒకే తెర మీద, తండ్రిది పైన, కూతురిది కింద. కోటిలింగం ఆ పాపం చూడలేనని వెళ్ళి బావి దగ్గర నిలబడ్డాడు.

వీణ సన్యాసాచారి ముందు పెట్టారు. నీలవేణి మొదటి మెట్టు నుంచి ఒక్కొక్కటే మీటుతూ పైకి వెళ్ళింది. ఆయన ఎదుటి గోడను చూస్తున్నాడు. ఐదు, ఆరు, ఏడు. గీత కదల్లేదు. పన్నెండు. తలుపు దగ్గర పైడమ్మ నిలబడి ఉంది, ముఖంలో ఏమీ లేదు. పదహారు. పదిహేడో మెట్టు మధ్యమం. అది పలకవలసిన చోటికి వెంట్రుకవాసి కింద పలికింది. హైమవతికి తేడా తెలియలేదు. డేవిడ్‌రాజుకు అసలే తెలియలేదు.

పై గీతలో మొలక లేచింది.

అది మునుపటి గరుకు కాదు. తెర సగం దాకా లేచి, వంగి, పడిపోయింది. చెయ్యి కదల్లేదు. నీలవేణి పద్ధెనిమిదికి వెళ్ళింది. ఆయన మాత్రం పదిహేడు దగ్గరే ఉన్నాడు. మొలక మళ్ళీ లేచింది, ఇంకా ఎత్తుకు. మళ్ళీ పడింది. లోపల ఒక మనిషి లేవబోయి పడిపోతున్నాడు, లేవబోయి పడిపోతున్నాడు. నాలుగోసారి అది తెర అంచు దాటి పైకి పోయింది. అంత ఎత్తు మొలకను మంచి రోజుల్లో కూడా ఆ యంత్రం చూడలేదు.

సన్యాసాచారి చెయ్యి చాచాడు. కూతురి వేళ్ళను పక్కకు తోశాడు. పదిహేడో మెట్టును గోటితో పెకలించి, చిన్న ఉలి అందుకుని కింద మైనం గీకేశాడు.

"కాదు" అన్నాడు.

తొమ్మిది నెలల్లో ఎవరూ అడక్కుండా, ఏ యంత్రం పంపకుండా ఆయన అన్న మొదటి మాట అది. డేవిడ్‌రాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హైమవతి మాత్రం కింద గీత చూస్తోంది. అంతవరకూ అరకొరగా కదిలిన నీలవేణి గీతలో, తండ్రి మైనం గీకిన ఆ క్షణంలోనే, ఒకటి లేచింది. ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నారు అంతా. ఏడవలేదు. ముందుకు వంగింది.

"ఎక్కడ తప్పింది నాన్నా?"

ఆయన చెప్పలేదు, ఆ ఇంట్లో చెప్పరు. పెకలించిన మెట్టు ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె తీగ మీటింది, విన్నది, మళ్ళీ మీటింది. తెర మీద కింద ఒకటి లేస్తే పైన ఒకటి లేచింది. పైది పడితే కిందది లేచింది. ఒకరి లోటు ఇంకొకరిని లేపుతోంది. మెట్టు నిలబెడితే ఆయన గీకాడు, ఆమె మళ్ళీ నిలబెట్టింది. బావి దగ్గరి నుంచి కోటిలింగం ఎప్పుడు వచ్చాడో గుమ్మంలో నిలబడి చేతులు జోడించి చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా హైమవతి ఒక తలలో వెతికినది రెండు తలల మధ్య పుడుతోంది. ఆమె తెర ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది, డేవిడ్‌రాజు ఉన్నాడని కూడా చూసుకోలేదు.

గంట తర్వాత సన్యాసాచారి చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. మళ్ళీ గోడను చూస్తూ కూర్చున్నాడు. జబ్బు నయమైపోయిందని ఎవరూ అనుకోలేదు. ఆర్నెల్ల టోపీ ఎంత ఎండబెట్టిందో, అందులో ఎంత తిరిగి పచ్చబడుతుందో హైమవతి చెప్పలేదు. ఆమెకూ తెలియదు. ఆ రోజు మొలకలు అరవై ఒకటి. అంతవరకే తెలుసు.

పైడమ్మ అంతా చూసింది. మర్నాడు పొద్దుటే ఆడపడుచును వంటింట్లోకి పిలిచి, నిన్న జరిగింది మళ్ళీ ఒకసారి నిమ్మళంగా చెప్పమంది. తప్పు కనబడితేనే లోపల కదులుతుందా అని అడిగింది. అవునంది హైమవతి. వీణే అవ్వాలా, ఇంకేదైనా పర్వాలేదా అని అడిగింది. ఏదైనా సరే, ఆయనకు బాగా తెలిసినదై ఉండాలంది. పైడమ్మ తలూపి పొయ్యి వైపు తిరిగింది.

మధ్యాహ్నం పప్పు వడ్డించింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ పప్పుకు ఎవరూ వంక పెట్టలేదని ఆ వీధంతా చెప్పుకునే మాట. హైమవతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వదిన ముఖం చూసింది. వదిన చూపు తిప్పలేదు. నీలవేణి ఏదో అనబోతే తల్లి కళ్ళతోనే ఆపింది.

తిను అని ఆయనకు చెప్పారు. సన్యాసాచారి ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద కూడా మింగాడు. మూడో ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. ఆయన పళ్ళెంలోకి చూశాడు. తర్వాత తలెత్తి భార్యను చూశాడు, కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉప్పు" అన్నాడు.

"ఏటి?"

"ఉప్పు నేదు" అన్నాడు, కాస్త విసుగ్గా.

ఉప్పు గిన్నె ఆవిడ చేతికందేంత దూరంలోనే ఉంది. తొమ్మిది నెలలుగా ఆయన కనురెప్ప కదిలితే పరుగెత్తిన మనిషి ఈసారి లేవలేదు. కళ్ళనీళ్ళు చెంపల మీద కారుతున్నా తుడుచుకోలేదు. ఇంకోసారి అడిగించుకుందామని అలాగే కూర్చుంది.